మిర్చికి ముందు జనుము

గంజాయి కేసుల వార్తల్లో, యూరియా బస్తాల క్యూలలో మనం మరిచిపోయిన నారపంట ఇది. పల్నాటి నల్లరేగడికి దానితో మళ్లీ పనిపడింది.

రాత్రి కురిసిన వానకు చేను మెత్తబడింది. వినుకొండ నుంచి నూజెండ్ల వైపు వెళ్లే దారి పక్కన ఎకరంన్నర నల్లరేగడిలో జనుము నడుమెత్తు దాటి పెరిగింది. కొసల్లో అక్కడక్కడ పసుపుపచ్చ పూలు. వాటి మీద బొటనవేలంత నల్ల తుమ్మెదలు వాలుతున్నాయి. తుమ్మెద బరువుకు పువ్వు వంగుతుంది, మూసుకుని ఉన్న కింది రేకులు విడతాయి, లోపలి పుప్పొడి దాని పొట్టకు అంటుకుంటుంది. చిన్న ఈగలు వాలినా ఆ రేకులు కదలవు.

ట్రాక్టరుకు రోటవేటరు తగిలించిన కుర్రాడికి ఆ పైరును చూస్తే మనసొప్పడం లేదు.

"బాబాయ్, ఇంత ఏపుగా ఉంది. ఇంకో పది రోజులు ఆగితే పూత నిండుగా వచ్చిద్ది గదా?"

"ఆగితే కాడ ముదురుద్దిరా. ముదిరిందంటే మట్టిలో చివకదు. దున్నెయ్."

పెద్దాయన ఒక మొక్కను మొదలంటా పీకి, వేళ్లకున్న మట్టి దులిపాడు. వేళ్ల మీద ఆవగింజంతవి, శనగగింజంతవి బుడిపెలు. ఒకదాన్ని గోటితో చీల్చాడు. లోపల గులాబీ రంగు. బుడిపె పని చేస్తోందనడానికి ఆ రంగే గుర్తు. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించే సూక్ష్మజీవులు అందులోనే కాపురం ఉంటాయి. లోపల తెల్లగానో బూడిద రంగులోనో ఉంటే ఆ బుడిపె వల్ల ప్రయోజనం లేదు. అరపూట గడిచేసరికి చేనంతా ఆకుపచ్చ తునకలు కలిసిన నల్లమట్టి అయింది. మరో మూడు వారాలకు అందులో మిర్చి నారు పడుతుంది.

ఇప్పుడెందుకీ మాట

2025 ఖరీఫ్‌లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ యూరియా కోసం రైతులు తెల్లవారుజాము నుంచే బారులు తీరారు. ఆధార్ కార్డులు, పట్టాదారు పుస్తకాలు, చివరికి చెప్పులు కూడా క్యూలో పెట్టారు. అదే ఏడాది మొదట్లో మిర్చి ధర పడిపోతే, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. దానికి నాలుగేళ్ల ముందు, 2021లో, నల్లతామర పురుగు గుంటూరు, ప్రకాశం జిల్లాల మిర్చి తోటల్ని పూతలోనే ఎండగొట్టింది. పెట్టుబడి లక్షల్లోకి వెళ్లిన పంటలో రైతు చేతిలో ఉన్నది నేల ఒక్కటే. ఆ నేలకు మనం పెడుతున్నదేమిటి అన్నది ఇప్పుడు పల్నాటి రచ్చబండల మీద గట్టిగా వినిపిస్తున్న ప్రశ్న.

ఇంకోపక్క హెంప్ అనే మాట ఊళ్లలోకి వచ్చేసింది. హెంప్ చొక్కాలు, హెంప్ గింజల నూనె, హెంప్ సబ్బులు ఫోన్‌లో ఆర్డరిస్తే ఇంటికొస్తున్నాయి. "ఆ పంట మనం వేస్తే?" అని అడిగే కుర్రాళ్లూ ఉన్నారు. వాళ్లకు చెప్పాల్సింది ఒకటుంది. హెంప్ పేరుతో ప్రపంచం పిలిచే మొక్కల్లో రెండు మన చేలల్లో తరతరాలుగా పెరిగినవే. వాటికి లైసెన్సు అక్కర్లేదు, పోలీసు భయం లేదు.

—— బాక్స్ ——
మూడు మొక్కలు, మూడు కుటుంబాలు
జనుము: చిక్కుడు, కంది కుటుంబం. పసుపు పూలు, సన్నని పొడవాటి ఆకులు, ఉబ్బిన కాయలు. ఇంగ్లిషులో సన్ హెంప్. నార, పచ్చిరొట్ట, పశుగ్రాసం.
గోగు: బెండ, పత్తి కుటుంబం. గోంగూర దీనిదే. నార వ్యాపారంలో మెస్తా అంటారు. డెక్కన్ హెంప్ అన్నా ఇదే.
గంజాయి: ఈ రెండిటికీ చెందని వేరే కుటుంబం. చేతివేళ్లలా చీలిన రంపపు అంచుల ఆకులు. అసలు హెంప్ ఇదే. ఇందులో మత్తు కలిగించే టీహెచ్‌సీ అత్యల్పంగా, అంటే 0.3 శాతానికి మించకుండా ఉండే రకాలనే అమెరికా 2018 చట్టం పారిశ్రామిక హెంప్‌గా గుర్తించింది.
జనుములో, గోగులో మత్తు లేదు.
————

పలుపు నుంచి చేంతాడు దాకా

యాభై ఏళ్లు దాటినవారు ఒక్కసారి తమ ఊరి ఇంటిని తలుచుకోండి. పశువును కట్టే పలుపు, అరక తోలే పగ్గం, నూర్పిళ్లప్పుడు ఎద్దు మూతికి కట్టే చిక్కం, బండి మీద గడ్డిమోపును బిగించే మోకు, బావిలో బాన దించే చేంతాడు, వంటింట్లో పెరుగుకుండ ఉట్టి, వసారాలో నులకమంచం. వీటిలో చాలావరకు జనుమునారతోనో గోగునారతోనో తయారైనవే. బజారులో కొన్నవి తక్కువ. గట్టు మీద నాలుగు సాళ్లు గోగు, వాన చేలో ఓ కుంట జనుము వేసుకుంటే ఏడాది తాళ్లకు సరిపోయేది.

గోగు ఎంత పొదుపైన మొక్కంటే, దానిలో పారేసేది ఉండేది కాదు. లేతగా ఉన్నన్నాళ్లూ ఆకు గిల్లి పచ్చడి, పప్పు. మొక్క ఎదిగి పూతకొచ్చాక కోసి కట్టలు కట్టేవారు. కట్టల్ని కుంటలో వేసి పైన రాళ్లు, బురద పెట్టి ముంచేవారు. ఎండ కాసే రోజుల్లో తొందరగా నానేది, చలికాలం ఆలస్యం. ఆ కుంట పక్క నుంచి నడిచినవారికి ఆ కంపు ఈనాటికీ గుర్తుంటుంది. నానిన కాడను మొదట్లో చిట్లగొట్టి లాగితే పైబెరడు పట్టీలా ఊడి వచ్చేది. నీళ్లలో జాడిస్తే వెండిరంగు నార. మిగిలిన పుల్లలు దడులకు, పొయ్యిలోకి.

జనుమునారది ఇంకో గుణం. నీళ్లలో తడిసినా బలం తగ్గదు, తొందరగా బూజు పట్టదు. అందుకే సముద్రం ఒడ్డున చేపల వలలకు, పడవ తాళ్లకు దానికంత గిరాకీ. పేనేటప్పుడు ఒకరు కొక్కెం తిప్పుతుంటే మరొకరు నార అందిస్తూ వెనక్కి వెనక్కి నడిచేవారు. మూడు పురులు కలిపి మెలేస్తే పగ్గం. ఈ పని తెలిసినవాళ్లు ఇవాళ ఊరికొకరు దొరకడం కష్టం. నీళ్ల పైపుల అతుకులకు ప్లంబర్లు చుట్టే జనపనార, కిరాణా కొట్లో పొట్లం కట్టే పురికొస, మిర్చి టిక్కీలకు (బస్తాలకు) వాడే గోనె సంచి మాత్రం ఇంకా కళ్ల ముందే ఉన్నాయి. గోనె ఇప్పుడు ఎక్కువగా బెంగాల్ జూటుతో నేసి వస్తోంది. మన చేతిపని కాస్తా కొనుగోలు సరుకైంది.

సామర్లకోట నుంచి లండన్ ఓడల దాకా

ఈ నారల మీద తెల్లవారి కన్ను ఎప్పుడో పడింది. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1780ల్లో సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. కోరమండల్ తీరపు మొక్కల్ని బొమ్మలతో సహా గ్రంథస్థం చేసిన మనిషి. 1793లో కలకత్తా బొటానికల్ తోటకు అధిపతిగా వెళ్లాక, జనుముతో సహా మనదేశపు పలు నారల బలాన్ని తూకాలు కట్టి పరీక్షించాడు. అప్పట్లో బ్రిటిష్ నౌకాదళం తాళ్లకు, తెరచాపలకు రష్యా హెంప్ మీద ఆధారపడేది. నెపోలియన్ యుద్ధాల్లో ఆ దారి మూసుకుపోతుందనే భయంతో ఈస్టిండియా కంపెనీ జనుమును ప్రత్యామ్నాయంగా ఎంచి లండన్‌కు ఓడల్లో పంపింది.

గోగుకూ అలాంటి చరిత్రే. భీమునిపట్నం రేవు నుంచి ఎగుమతై, 'బిమ్లిపటం జూట్' అనే పేరుతో ప్రపంచ మార్కెట్లో నిలబడింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోగు సాగు, చిట్టివలస, నెల్లిమర్ల మిల్లులు, ఆమదాలవలసలో గోగు మీద పనిచేసే వ్యవసాయ పరిశోధన కేంద్రం, అన్నీ ఆ నార చుట్టూ అల్లుకున్నవే. మిల్లులు ఒక్కొక్కటిగా దెబ్బతిన్నాక ఉత్తరాంధ్రలో వేల కుటుంబాలు వలసబాట పట్టాయి. చేలో గోగు తగ్గడానికీ మిల్లు గేటుకు తాళం పడడానికీ మధ్య దూరం ఎక్కువ లేదు.

చేను నుంచి ఎలా జారిపోయింది

పల్నాడులో కారణాలు వేరు. 1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలారు. నీరు అందినచోట వరి, అందనిచోట పత్తి, మిర్చి. ఎకరా రాబడిని డబ్బుల్లో లెక్కగట్టే కాలం వచ్చాక, గట్టు మీద గోగుకు, వాన చేలో జనుముకు చోటు తగ్గిపోయింది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చిన తర్వాత పత్తి మరింత విస్తరించింది. ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. ఎద్దు లేనప్పుడు పగ్గం ఎవరికి కావాలి? కావాలన్నా నైలాను తాడు పది నిమిషాల్లో కొనొచ్చు. బోర్లొచ్చాక చేంతాడు అటకెక్కింది, కుంటలు పూడిపోయాక నార నానబెట్టే చోటే లేకుండాపోయింది.

ఇవన్నీ అందరికీ తెలిసినవే. ఎవరూ గట్టిగా మాట్లాడని కారణం కౌలు. వినుకొండ, ఈపూరు, బొల్లాపల్లి మండలాల్లో ఏ ఊరికి వెళ్లినా మిర్చి వేసేవాళ్లలో కౌలు రైతులే ఎక్కువగా కనబడతారు. చాలాచోట్ల కౌలు ఏడాదికే, డబ్బు ముందే కట్టాలి. వచ్చే ఏడు ఈ చేను తనదో కాదో తెలియని మనిషి, నలభై ఐదు రోజులు ఆదాయం లేని పైరు వేసి భూమిలో కలిపేస్తాడా? 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కూడా ఇచ్చేది పదకొండు నెలల కార్డే. పదకొండు నెలల్లో పంట తీయొచ్చు, భూమిని బాగుచేయడానికి మాత్రం ఆ గడువు చాలదు. ఈ సంగతిని పక్కన పెట్టి "రైతులు రసాయనాలకు అలవాటుపడ్డారు" అని నిందించడం అన్యాయమని నా గట్టి నమ్మకం.

మట్టిలో ఏం జరుగుతుంది

తొలకరికి, అంటే జూన్‌లో, ఎకరాకు 10 నుంచి 12 కిలోల జనుము విత్తనం చల్లితే నలభై ఐదు రోజులకు మొక్క పూత దశకు వస్తుంది. ఎకరాకు నాలుగైదు టన్నులు తగ్గకుండా పచ్చిరొట్ట వస్తుంది, వాన అనుకూలిస్తే అంతకు మించే. ఆ దశలో కలియదున్నితే 20 కిలోలకు పైగా నత్రజని నేలకు చేరుతుంది. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని కూడా 20 కిలోల పైచిలుకే. రాయితీ మీద 266 రూపాయల 50 పైసలకు దొరికే ఆ బస్తా కోసమే రైతు రాత్రంతా మేలుకుంటున్నాడు.

జనుము చేసేది బస్తా యూరియా పని మాత్రమే అయితే ఇంత చెప్పక్కర్లేదు. నల్లరేగడి ఎండితే పగుళ్లిస్తుంది, తడిస్తే జిగురవుతుంది. చివికిన పచ్చిరొట్ట కలిసిన నేల గుల్లబారి నీటిని పీల్చుకుంటుంది, వానకూ వానకూ మధ్య బెట్టను మిర్చి మొక్క తట్టుకోగలుగుతుంది. వేళ్లకు బుడిపెలు కట్టించే నులిపురుగుల్ని జనుము అణచివేస్తుందని శాస్త్రవేత్తలు చాలా దేశాల్లో నిర్ధారించారు. ఏటా అదే చేలో మిర్చి వేసేవాళ్లకు ఆ నులిపురుగుల బాధ ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. దట్టంగా పెరిగే పైరు కాబట్టి కలుపునూ లేవనివ్వదు.

అమెరికాలో హవాయి విశ్వవిద్యాలయం, అక్కడి వ్యవసాయశాఖ కలిసి 1980ల్లో 'ట్రాపిక్ సన్' అనే జనుము రకాన్ని విడుదల చేశాయి. ఇవాళ అమెరికా దక్షిణ రాష్ట్రాల రైతులు పంటకూ పంటకూ మధ్య భూమిని కప్పి ఉంచడానికి జనుము విత్తనం కొనుక్కుంటున్నారు. మన మొక్క విలువ వాళ్లకు తెలిసింది.

ఇక్కడా గుర్తించినవాళ్లు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో తొలకరికి ముందే రకరకాల విత్తనాలు కలిపి చల్లే నవధాన్య సాగు ఉంది. జనుము, జీలుగ, పిల్లిపెసర, చిరుధాన్యాలు, నూనెగింజలు అన్నీ ఒకే చేలో మొలుస్తాయి. ఈ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ మానవాళి పురస్కారం దక్కింది. కృష్ణా డెల్టాలో వరి కోతలకు ముందే మాగాణిలో జనుము చల్లి, ఆ తేమతోనే పశువుల మేత పండించుకునే అలవాటు ఇప్పటికీ ఉంది.

—— బాక్స్ ——
వేసేవారు గమనించాల్సినవి
నీరు నిలిచే చేలో జనుము బతకదు. అక్కడా, చౌడు భూముల్లోనూ జీలుగ మేలు.
పూత మొదలవగానే కలియదున్నాలి. కాడలో నార గట్టిపడితే చివకడానికి ఆలస్యమవుతుంది.
దున్నే సమయానికి నేలలో పదును ఉండాలి. దున్నాక రెండు, మూడు వారాలు ఆగి నారు వేయాలి.
మేతగా వేస్తే లేత పైరునే, ఇతర మేతతో కలిపి పెట్టాలి. గింజల్లో విషపదార్థాలుంటాయి. కాయ కట్టిన జనుము పశువులకు పెట్టకూడదు.
————

గంజాయి సంగతి

ఇక అసలు హెంప్ దగ్గరికి వద్దాం. దాని చరిత్ర తీసిపారేసేది కాదు. ఎల్లోరా గుహల మట్టిపూతలో ఈ మొక్క తునకలు కలిపారని 2016లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. తేమను పీల్చుకుని, పురుగు పట్టకుండా పూతను అది శతాబ్దాలు కాపాడిందని పరిశోధకుల అభిప్రాయం. ఉత్తరాఖండ్ కొండల్లో దాని గింజలతో చట్నీ నూరుకుంటారు, నారతో తాళ్లు పేనుకుంటారు. ఫ్రాన్స్‌లో దాని కాడల తునకల్ని సున్నంతో కలిపి ఇళ్ల గోడలు కడుతున్నారు.

మన చట్టం కూడా మొక్కను పూర్తిగా నిషేధించలేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం పూత కొసలే గంజాయి. వాటితో కలవకుండా విడిగా ఉన్న గింజలు, ఆకులు ఆ నిర్వచనంలోకి రావు. నార కోసం, గింజ కోసం సాగును ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతించవచ్చు. ఉత్తరాఖండ్ 2018లో అలా లైసెన్సు ఇచ్చింది. 2021లో దేశ ఆహార భద్రత సంస్థ హెంప్ గింజల్ని, నూనెను, పిండిని ఆహారంగా ఆమోదించింది. అనుమతి లేకుండా ఒక్క మొక్క పెంచినా నేరమే.

మన రాష్ట్రానికి ఆ దారి తొందరపడి తొక్కేది కాదు. 2021లో పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో విశాఖ మన్యంలో వేల ఎకరాల గంజాయి తోటల్ని నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, శిక్ష పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు. జైళ్లలో మగ్గుతున్నది ఎక్కువగా మూటలు మోసిన పేద కుర్రాళ్లే. తోట పెట్టించినవాడూ డబ్బు పంపినవాడూ దొరకడం అరుదు. నార పేరుతో ఇంకో చిక్కును పల్నాటి కౌలు రైతు నెత్తిన పెట్టాల్సిన అవసరం లేదు. హెంప్ నుంచి మనం ఆశించే పనుల్లో చాలావాటికి జనుము, గోగు చాలు.

కారు తలుపులో గోగు

చాలు అనడానికి ఆధారాలున్నాయి. సిగరెట్ కాగితం, పల్చని నాణ్యమైన కాగితం జనుమునారతో తయారవుతాయి. టొయోటా తన కార్ల తలుపుల లోపలి పలకలకు గోగునార వాడింది. ఫోర్డ్ కంపెనీ 2013 ఎస్కేప్ కారులో కూడా తలుపు లోపలి భాగం గోగునార కలిపిందే. మనం గోంగూర తిని వదిలేసే కాడకు అక్కడ ఇంజినీర్లు కొలతలు తీసుకుంటున్నారు.

మన దగ్గర దేశం మొత్తానికీ వర్తించే జూటు ప్యాకింగ్ చట్టం 1987 నుంచి ఉంది. ఆహారధాన్యాలను, పంచదారలో కొంత భాగాన్ని గోనె సంచుల్లోనే నింపాలన్న నిబంధన దాని కిందిదే. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు చాలావాటిపై నిషేధం ఉంది. గుంటూరు మిర్చి యార్డుకు సీజనులో లక్షకు పైగా టిక్కీలు వచ్చే రోజులుంటాయి. సంచి కావాల్సింది ఇక్కడ, నార పండే నేల ఇక్కడ, పని కోసం చూసే చేతులు ఇక్కడ. మధ్యలో లేనివి నార తీసే చిన్న యంత్రాలు, నీళ్ల తొట్లు, కొనేవాడు. పండించమని రైతుకు చెప్పేముందు కొనేవాణ్ని చూపించాలి. లేకపోతే నారపంట గురించి ఎన్ని సదస్సులు పెట్టినా వృథా.

నార సంగతి ప్రభుత్వం, పరిశ్రమ తేల్చాల్సింది. పచ్చిరొట్ట సంగతి అలా కాదు, అది మన చేతుల్లో ఉంది. ఈ కథనం చదివేవారిలో ఊళ్లో పొలం కౌలుకిచ్చి గుంటూరులోనో హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటున్నవారు చాలామందే ఉంటారు. వచ్చే జూన్‌లోపు మీ కౌలుదారుకు ఒక ఫోన్ చేయండి. ఎకరాకు 10 కిలోల జనుము విత్తనం ఖర్చు మీరు పెట్టుకోండి. అది మిర్చికి ఒక్కసారి మందు కొట్టే ఖర్చుకు అటూ ఇటూగా ఉంటుంది. రైతు సేవా కేంద్రంలో రాయితీ విత్తనం వస్తే ఇంకా తక్కువ. కౌలు ఒక్క ఏడాదికి కాకుండా మూడేళ్లకు మాట ఇవ్వండి. ఆ మాట కాగితం మీద ఉంటే మరీ మంచిది. బాగుపడేది మీ పొలమే.